మేకల పక్షము



గత మాసమున ఈ పుటలో చింతపండు నిలువచేయు విధమును వ్రాయుచు, పిక్కలను పూర్తిగా తీసివేయవలెనని చెప్పితిమి. తీసిన పిక్కలను పారవేయవలదని ఈ మాసమున చెప్పవలసి వచ్చినది. 15 పిక్కలు, 3 వక్కలు, ఒక సుద్దముక్క యున్నచో వేసవి సాయంకాలములు సుఖముగా గడచిపోవును. మేము పులి-మేక ఆటను గూర్చి వ్రాయబోవుచున్నాము. ఇది పిల్లల వ్యవహారమని పుట త్రిప్పబోవువారు ఒక్క నిమిషము ఆగవలెనని వేడెదము. ఇందు మా తప్పొకటి కలదు. దానిని చెప్పుకొనుటకే ఈ నెల కలము పట్టితిమి.

మన విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల పెద్దలలో ఈ ఆట నెఱుగనివారు అరుదు. అయినను పట్టణములలో పెరిగి వచ్చిన కోడండ్ర కొఱకు గీయు విధము చెప్పెదము. పైన ఒక చుక్క పెట్టి, దానినుండి నాలుగు గీతలను విసనకఱ్ఱ పుల్లలవలె క్రిందికి దింపవలెను. వాని కొనలను ఒక అడ్డగీతతో కలుపవలెను. శిఖరమునకును ఈ అడుగు గీతకును నడుమ మఱి మూడు అడ్డగీతలు గీసి, వానిని ఇరుప్రక్కల కొంచెము బయటికి సాగనిచ్చి, ఆ కొనలను ప్రక్కకొక నిలువుగీతతో కలుపవలెను. గీతలు కలియు చోట్లు 23 రావలెను. రాకున్నచో గీత తప్పినదన్నమాట.

పులులు మూడు. మా ఇంట ఒకటి శిఖరమునను, రెండు దాని క్రింది గీతపై నడిమి చోట్లను కూర్చుండును. మేకలను ఒక్కొక్కటిగా దింపవలెను. ఒక మేక దిగిన పిదప ఒక పులి ఒక అడుగు వేయును. 15 మేకలును దిగువఱకు ఏ మేకయు కదలరాదు. పులి ప్రక్కనున్న మేకకు ఆవల, అదే గీతపై, చోటు ఖాళీగా నున్నచో పులి దుమికి ఆ మేకను తినును. మేక పులిని ఎన్నడును తినలేదు. మూడు పులులకును కదలుటకు దారి లేకుండ చేయుటయే దాని గెలుపు. ఎన్ని మేకలు పోయిన పులి గెలిచినట్లను లెక్క ఊరూరికి మాఱును. మా ఇంటి లెక్క అయిదు.

తాండ్ర పాపారాయునికి బొబ్బిలిపులి యని పేరు నిలిచిన సీమ మనది. ఇక్కడి మగపిల్లవాడు మేకల పక్షము కోరునా? 1757 జనవరి 24వ తేదీన ఆ కోటలోనివారు చుట్టుముట్టబడినవారే యనియు, చుట్టిన సేనలో బుస్సీ దొర ఫిరంగులును విజయరామరాజుగారి బలగమును కలసియుండెననియు, పాఠశాలలో చరిత్ర చెప్పు మావారు అనుచుందురు. పిల్లల చెవికి పులి యను మాట యొక్కటే యెక్కును.

మాకు పదుమూడేండ్ల కుమారుడును పదేండ్ల కుమార్తెయును గలరు. సెలవులు మొదలైనది మొదలు అరుగుపై ఈ ఆట సాగుచుండెను. పులులు ఎప్పుడును అన్నగారివే. చిన్నది ఒకనాడు తనకు పులులు కావలెనని అడుగగా, వంటింటినుండి మేమే "పోనిమ్ము, అన్నయ్య సరదా పడుచున్నాడు, నీవు మేకల నాడుము" అని కేకవేసితిమి. వరుసగా నాలుగు దినములు ఓడినది. అయిదవనాడు గీతలను కాలితో చెరిపివేసి, "నాకు ఆట రాదు, నాకు ఏదియు రాదు" అని లోనికి వచ్చి గోడవైపు తిరిగి పండుకొనినది. ఆ రెండవ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొనినది.

మా అత్తగారికి ఒక కంటికి శుక్లము తీసిరి. రెండవ కంటికి చూపు మందము. అరుగు చివర కూర్చుండి అంతయు వినుచున్న ఆమె మమ్ము పిలిచి, "మేకలను దాని చేతిలో పోసితివి, బాగున్నది. మేకల నాడించుట నేర్పితివా, అమ్మాయీ?" అని యడిగిరి.

మేము మాఱుపలుకలేకపోతిమి. మా తండ్రిగారు మాకు ఇంట కూర్చుండబెట్టి రఘువంశమును వసుచరిత్రమును చెప్పిరి. పులి-మేకను ఎవరును చెప్పలేదు. చిన్ననాడు మేమును ఓడి లేచిపోయినవారమే. బలహీనమైన పక్షమును ఆడపిల్ల కిచ్చుట మాకు అలవాటు. ఆ పక్షమునకు ఒక విద్య కలదని తెలియదు.

మఱునాటినుండి మామ్మయు మనుమరాలును పాఠము మొదలుపెట్టిరి. అత్తగారు చూచుట తక్కువ, తడవుట యెక్కువ. వ్రేళ్లతో గీతవెంట పోయి, "ఇక్కడ ఏమున్నది? దీని వెనుక?" అని అడుగుదురు. మొదటి దినమంతయు ఒక పిక్కయైనను దింపనీయలేదు. "ఏ గీతమీద చూచినను చివరిదైన చోటు ఏదో వెదకుము. చివరనున్న మేకకు వెనుక చోటే లేదు గనుక పులి దానిపై దుమకలేదు" అనిరి. చిన్నది చాలసేపు వెదకి ఆఱు చోట్లు చూపినది: ప్రక్కగీతల కొనలు నాలుగు, అడుగు గీత కొనలు రెండు. శిఖరమును చివరిచోటే గాని అక్కడ పులి యున్నది. ఈ ఆఱు చోట్లలో దిగిన మేకను ఏ పులియు తినజాలదు. నాలుగు దినములు మా పిల్ల మొదటి మేకను నట్టనడుమ పెట్టి ఓడినదని మాకును అప్పుడు తెలిసినది.

ఆ ఆఱు చోట్లను నింపిన పిదప మిగిలినవానిని వానికి అంటించి పెట్టుకొనుచు రావలెను. పులి యెదుటనున్న మేకకు వెనుక మఱియొక మేక యుండవలెను. ఖాళీ చోటు పులికి ఎదురుగా నున్నను భయము లేదు. మేక వెన్నుననే ఉండరాదు. ఇది చెప్పుట సులభము. నడుమ ఒక్క చోటు విడిచి రెండు మేకలను పెట్టుట ఎంత సహజముగా చేయి చేయునో, మేము ఆడి చూచి సిగ్గుపడితిమి.

లెక్క యొకటి చూడుడు. 23 చోట్లలో 3 పులులు, 15 మేకలు కూర్చుండగా 5 ఖాళీలు మిగులును. ఒక్కొక్క మేక పోయినపుడు ఒక్కొక్క ఖాళీ పెరుగును. "మేక చచ్చినదని ఏడువకు, పులికి చోటు పెరిగినదని ఏడువుము" అని అత్తగారి మాట.

పులిని ఎక్కడ కట్టవలెననునది అన్నిటికంటె ముఖ్యము. ప్రక్కగీత మూలనున్న పులికి దారులు రెండే. ఒక్కొక్క దారిలో ఒక మేకయు దాని వెనుక ఒక మేకయు నిలిచిన, నాలుగింటితో పని తీరును. శిఖరమున నున్న పులికి నాలుగు దారులు. ఎనిమిది మేకలు కావలెను. ఒకే ప్రక్కగీత పైమూలను ఒకటి, క్రిందిమూలను ఒకటి చొప్పున రెండు పులులు చేరినచో అయిదు మేకలే చాలును. ఏలయనగా నడిమి మేక ఇద్దరికిని అడ్డము, దాని వెనుక రెండవ పులియే గోడ. ఈ సంగతి తనంతట కనుగొనిన దినమున చిన్నది వంటింటిలోనికి పరుగెత్తుకొని వచ్చి, మా చేతిలోని గరిటె లాగికొని, నేలమీద గీసి చూపినది. పులుసు కొంచెము మాడినది.

అయితే పులి మూలకు ఏల పోవును? తినితీరవలెనను నియమము మా ఆటలో లేదు. ఆశయే దానిని రప్పించును. ఒక మేకను తెలిసి విడిచిపెట్టి, పులి దానిని తిని మూలనుబడగానే దారి మూసివేయుట గట్టివారు చేయు పని. ఇది నేర్చుకొనుటకు మా పిల్లకు వారము పట్టినది. ఒక్క మేకనైనను చేజేతుల ఇచ్చుట దానికి మనసొప్పలేదు.

నేపాళ దేశమున బాఘ్‌చాల్ అను ఇట్టి ఆటయే కలదు. అక్కడ 25 చోట్లు, 4 పులులు, 20 మేకలు. అయిదు మేకలు తినిన పులి గెలుచును. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవెర్గెల్ట్ అను పండితులు దానిని కంప్యూటరుచే శోధించి, ఇరుపక్షములును తప్పు లేక ఆడినచో ఎవరును గెలువరని తేల్చిరి. వారి వ్యాసము 2009లో ఒక గ్రంథమున అచ్చయినది. మావారు ఈ సంగతి చెప్పగా చిన్నది, "అయితే మేకలు తక్కువవి కావు" అని అన్నవైపు చూచినది.

ఇంతలో హైదరాబాదునుండి మా ఆడపడుచు పిల్లలు వచ్చిరి. వారియొద్ద చేతిలో ఇమిడెడు నింటెండో ఆటయంత్రములు రెండు కలవు. పోకిమాన్ అను వింతజంతువులను ఒకదానిపై నొకటి దింపి పోరాడించు పాత ఆట యొకటి అందున్నది. మా వాడు డ్రాగనైట్ అను రెక్కల భూతమును ఏరుకొనెను. కొట్టుటలో దాని బలము 134. వాని బావ షకల్ అను దానిని దింపెను. ఇది 1999లో వెలువడిన ఆటతో పుట్టిన జంతువు. ఎఱ్ఱని చిప్పలో దాగిన పురుగు. కొట్టు బలము 10, వేగము 5, ప్రాణము 20 మాత్రమే. దెబ్బ కాచుకొను బలము మాత్రము 230. మా వాడు నవ్వెను. కొంతసేపటికి ఏడ్పు మొగముతో వచ్చి, "అది కొట్టదు, పోదు! దొంగాట!" అనెను.

చిన్నది బావను కూర్చుండబెట్టి ఒక్కొక్కటే అడిగినది. షకల్ మొదట ఎదుటిదానికి విషము పెట్టునట. ఆ విషము మొదటి వంతున ప్రాణములో పదునాఱవ పాలు, రెండవ వంతున రెండు పాళ్లు, మూడవ వంతున మూడు పాళ్లు తీయును. తాను చిప్పలో దాగి దెబ్బలు కాచుకొనుచు, ప్రాణము తగ్గినపుడు నిద్రపోయి నింపుకొనును. చిన్నది వ్రేళ్లమీద కూడి, "అయిదు వంతులకు పదునైదు పాళ్లు పోవును. ఆఱవ వంతునకు నీ భూతము ఉండదు. నీవు కొట్టుచుండగా అది లెక్కపెట్టుచున్నది" అన్నది. మఱి దానిని గెలుచుట ఎట్లని అన్న యడుగగా, బావ చెప్పెను: ఇనుపజాతి జంతువునకు విషమంటదు, విషమెక్కినదానిని వెనుకకు పిలిచి మఱొకదానిని దింపిన, విషము పెరుగుట మరల మొదటికి వచ్చును, రెచ్చగొట్టు విద్య యొకటి కలదు, దాని వలన షకల్ కొన్ని వంతులపాటు కొట్టుట తప్ప మఱేమియు చేయలేదు. "చిప్పలోనిదానిని బయటికి లాగుటన్నమాట" అని చిన్నది. అత్తగారు, "తాబేలు గెలిచినదా?" అని అడిగిరి. పురుగని చెప్పినను వినలేదు.

మొన్న ఆదివారము సాయంకాలము అన్నాచెల్లెండ్రు మరల అరుగుపై కూర్చుండిరి. పులులు వానివి, మేకలు దానివి. ఈమాఱు దానిని ఎవరును ఒప్పింపలేదు. మూడు మేకలు పోయినవి. అందులో ఒకటి తెలిసి ఇచ్చినదే యని మాకు తోచినది. పడమటి ప్రక్కగీత రెండు మూలలను రెండు పులులు చిక్కి, అయిదు పిక్కలకు లోబడి యుండెను. మిగిలిన ఏడు మేకలు మూడవ పులిని అడుగు గీతవైపు త్రోయుచుండెను. దీపము పెట్టు వేళయైనందున ఆట ఆపవలసి వచ్చినది. అరుగు ఊడ్చు మనిషితో ఉదయమున ఆ మూల జోలికి పోవలదని అత్తగారే చెప్పిరి.

భోజనములైన పిదప మేము తలుపు వేయబోయి చూడగా, పెద్దవాడు ఫోను వెలుగులో ఆ గీతలయొద్ద ఒంటరిగా కూర్చుండి యుండెను. పులుల వైపున కాదు; చెల్లెలు కూర్చుండు వైపున.