పాఠం ఎప్పటిదో చూశారా?

వెబ్ ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకుందామనుకునే డిగ్రీ పిల్లలు ఎక్కడ కలిసినా అడిగేది ఒకటే: "సార్, ఏ కోర్సు మంచిది?" ఒకప్పుడు దీనికి జవాబు అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టి, జిరాక్స్ మెటీరియల్ కొనుక్కుని, హాస్టల్లో ఉండి నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు పాఠాలు ఫోన్‌లోకే వచ్చేశాయి, చాలావరకు ఉచితంగా. కానీ వాటిలో మంచీచెడూ ఏరుకునే భారమంతా పద్దెనిమిదేళ్ల విద్యార్థి నెత్తిన పడింది. అది ఎలా చేయాలో మన కాలేజీలు చెప్పడం లేదు.

నేనైతే ముందు పాఠం ఎప్పటిదో చూడమంటాను. మన ల్యాబ్ రికార్డుల్లో ఫాంట్, సెంటర్, మార్క్యూ ట్యాగులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణం 2014లో ఖరారైనప్పుడే ఆ మూడింటినీ వాడకూడని వాటిలో చేర్చారు. పాత పేజీలు పాడవకూడదని బ్రౌజర్లు వాటిని ఇంకా చూపిస్తున్నాయి. అందువల్ల రాసింది తెరమీద సరిగ్గానే కనిపిస్తుంది, తప్పు నేర్చుకుంటున్నామని పాపం ఆ విద్యార్థికి తెలిసే దారే ఉండదు. పేజీని అమర్చడానికి టేబుళ్లు వాడమనే పాఠమూ ఇలాంటిదే. సీఎస్‌ఎస్ గ్రిడ్ 2017లోనే ప్రధాన బ్రౌజర్లన్నింటిలోకీ వచ్చింది. జావాస్క్రిప్ట్ పాఠంలో అంతటా 'వార్' రాస్తూ, 2015 ప్రమాణంతో వచ్చిన 'లెట్', 'కాన్‌స్ట్' ఊసే ఎత్తలేదంటే ఆ పాఠానికి కాలం చెల్లినట్టే. ఇవన్నీ పట్టుకోవడానికి కాసేపు తిరగేస్తే చాలు. వీడియోకి ఎన్ని లక్షల వ్యూస్ వచ్చాయన్నది ఇక్కడ ఏమీ తేల్చదు, పాతబడిన పాఠాలకే ఎక్కువ వ్యూస్ పోగై ఉండొచ్చు కూడా.

ఆ తర్వాత చూడాల్సింది, కోడ్ ఎవరు రాస్తున్నారన్నది. మాస్టారు రాస్తుంటే చూసి తలూపే పాఠాలు ఎన్ని గంటలు విన్నా, ఖాళీ ఫైలు ముందు కూర్చోగానే చెయ్యి కదలదు. క్విన్సీ లార్సన్ 2014లో మొదలుపెట్టిన ఫ్రీకోడ్‌క్యాంప్ నాకు నచ్చేది ఇందుకే. అక్కడ మనం రాసింది సరిపోతే తప్ప మెట్టు దాటనివ్వరు. బ్రౌజర్‌లోనే పని జరుగుతుంది కాబట్టి కాలేజీ ల్యాబ్‌లోని పాత కంప్యూటర్ మీదైనా నడుస్తుంది. ఓడిన్ ప్రాజెక్ట్ దీనికంటే కఠినం. సొంత ల్యాప్‌టాప్‌లో అన్నీ మనమే అమర్చుకోవాలి, కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసే గిట్‌ను మొదటినుంచీ వాడాలి, ప్రాజెక్టు ఇచ్చి తోవ మనల్నే వెతుక్కోమంటారు. ఉద్యోగంలో చేయాల్సిన పనికి ఇదే దగ్గర. ల్యాప్‌టాప్ ఉండి, తెగించి కూర్చోగలిగిన వాళ్లకు నేను దీన్నే చెబుతాను. హార్వర్డ్‌లో డేవిడ్ మలన్ చెప్పే సీఎస్50 ఉపన్యాసాలు వినసొంపుగా ఉంటాయి. అయితే ఆ కోర్సు ప్రాణం వారం వారం ఇచ్చే ప్రోగ్రామింగ్ అభ్యాసాల్లో ఉంది, అవి వదిలేసి వీడియోలు మాత్రమే చూస్తే సగం కోర్సు కూడా చేసినట్టు కాదు. మరైన్ హావర్‌బెకె రాసిన ఎలొక్వెంట్ జావాస్క్రిప్ట్ నెట్‌లో పూర్తిగా ఉచితం, గొప్ప పుస్తకం. కాని మొట్టమొదటి పుస్తకంగా ఇస్తే బెదిరిపోతారు.

తెలుగులో చెప్పే యూట్యూబ్ పాఠాలను చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయికి మొదటి భయం పోగొట్టేది అవే. ఇబ్బంది రెండో మెట్టులో వస్తుంది. ఎర్రర్ మెసేజ్ ఇంగ్లిష్‌లో వస్తుంది, దాన్ని అర్థం చేసుకోవడానికి చదవాల్సిన డాక్యుమెంటేషనూ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. అక్కడ చాలామంది మళ్లీ ఇంకో వీడియో వెతుక్కుంటారు.

అలాంటప్పుడు తెరవాల్సింది ఎండీఎన్. మొజిల్లా 2005 నుంచి నడుపుతున్న ఈ డాక్యుమెంటేషన్‌ను అందరికీ ఉమ్మడిగా పెంచుదామని 2017లో గూగుల్, మైక్రోసాఫ్ట్, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ కూడా చేతులు కలిపాయి. ఏ ట్యాగ్ ఏ బ్రౌజర్‌లో పనిచేస్తుందో, ఏది మానేయాలో, పేజీని చివరిసారి ఎప్పుడు సవరించారో అన్నీ ఉంటాయి. మన దగ్గర అందరూ ముందు తెరిచే డబ్ల్యూ3స్కూల్స్‌ను పేరు చూసి డబ్ల్యూ3సీ వాళ్లదే అనుకుంటారు. రెండింటికీ సంబంధం లేదు. ఒక ట్యాగ్ ఎలా రాయాలో చటుక్కున చూసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. 'ఎందుకు' అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం ఎండీఎన్‌కే వెళ్లాలి.

ఇక్కడే నా బాధ. ఎండీఎన్ జపనీస్‌లో ఉంది, కొరియన్‌లో ఉంది, ఫ్రెంచ్, స్పానిష్, రష్యన్ భాషల్లో ఉంది. తెలుగులో లేదు. ఇంతమంది తెలుగువాళ్లు సాఫ్ట్‌వేర్ మీద బతుకుతూ, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ తెలుగులో ఒక నమ్మకమైన లిఖిత పాఠం లేకుండా వదిలేయడం నాకు మింగుడుపడదు. అనుమతి సమస్య కాదు. ఎండీఎన్‌లోని వ్యాసాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. మూలం ఎవరిదో చెప్పి, మార్పులు చేశామని తెలిపి, మన అనువాదాన్నీ అదే లైసెన్సు కింద వదిలితే చాలు, ఎవరైనా తెలుగు చేసి తమ సైట్‌లో పెట్టుకోవచ్చు. గిట్‌హబ్‌లో ఉచితంగా పెట్టే వీలుంది కాబట్టి సర్వర్ ఖర్చు కూడా రాదు.

ఈ పని డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్ విభాగం, తెలుగు విభాగం కలిసి చేయాలని నా కోరిక. ఒకరికి విషయం తెలుసు, ఇంకొకరికి వాక్యం తెలుసు. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో పదేళ్లుగా కోడ్ రాస్తున్నవాళ్లు తప్పులు దిద్దిపెట్టవచ్చు. అంతా ఒకేసారి అక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవారి కోసం ఎండీఎన్‌లో విడిగా ఒక భాగమే ఉంది, దాంతో మొదలుపెట్టవచ్చు. నన్నడిగితే అందులోనూ ముందుగా ఫారాల గురించిన పాఠాలు తీసుకోమంటాను. గడికి లేబుల్ ఎలా జతచేయాలో, ఏ వివరం తప్పనిసరో బ్రౌజర్‌కు ఎలా చెప్పాలో అక్కడ ఉంటుంది. మీసేవలో సర్టిఫికెట్ కావాలన్నా, పరీక్ష ఫీజు కట్టాలన్నా, రైలు టికెట్ తీయాలన్నా మన ఊళ్లలో జనం వెబ్‌లో చేసేది చాలామటుకు ఫారం నింపడమే.