బ్రేకుల షౌక్ కాదు, బ్రేకుల ఫికర్ కావాలి



కిందటి జుమ్మా నమాజ్ తర్వాత మసీదు పార్కింగ్‌లో పెద్ద బహస్ నడిచింది. డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగు ముస్లిం కుటుంబాల్లో ట్రావెల్ ట్రైలర్లు కొన్నవాళ్లు నలుగురైదుగురు తేలారు. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని పోయే చిన్న ఇల్లు అది. వంట మనదే కాబట్టి హలాల్ కోసం ఊరూరా వెతుక్కునే తక్లీఫ్ లేదు. వజూకి నీళ్లు, నమాజుకి జాగా, ఊరి నుంచి వచ్చిన అమ్మీకి ఆరాం. షౌక్ అనండి, జరూరత్ అనండి, మంచిదే.

వాళ్లలో ఒక భాయ్ తన ట్రైలర్‌కున్న డ్రమ్ బ్రేకులు పీకించి డిస్క్ బ్రేకులు వేయించాడు. ఇక అందరిదీ ఒకటే సవాల్: "మేమూ మార్చాలా?" నా రాయ్ ముందే చెప్పేస్తాను. డిస్క్ మేలైనదే, అందులో షక్ లేదు. కానీ ఉన్న డ్రమ్ముని ఏడాదికోసారి కూడా విప్పి చూడనివాడు వేల డాలర్లు పోసి డిస్క్ కొంటే, వాడు కొన్నది బ్రేకు కాదు, ఝూటా ఇత్మినాన్.

ఇది నా అనుభవం నేర్పిన సబఖ్. రెండేళ్ల కింద కొలరాడో సఫర్‌కి బయల్దేరాం. ట్రక్కులో బేగం, పిల్లలిద్దరు, కర్నూలు నుంచి వచ్చిన మా అబ్బా. న్యూ మెక్సికో దాటేచోట రాటన్ పాస్ అని కొండదారి ఉంది, ఎత్తు 7,834 అడుగులు. అక్కడి నుంచి ట్రినిడాడ్ ఊరికి పదిహేను మైళ్లలోపే దాదాపు 1,800 అడుగులు దిగాలి. వెనక ఆరు వేల పౌండ్ల ట్రైలర్. సగం దిగేసరికి కాలిన వాసన. పెడల్ తొక్కుతుంటే ట్రైలర్ ఆగడం లేదు, ట్రక్కునే ముందుకు నెడుతోంది. పక్కకి తీసి ఎలాగో ఆపాను. చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే రెండు నిప్పుల్లా ఉన్నాయి, మిగతా రెండు గోరువెచ్చగా కూడా లేవు. అంటే నాలుగు బ్రేకుల బరువు రెండే మోశాయి.

తర్వాత విప్పి చూస్తే ఖుసూర్ నాదే. ఒక చక్రంలో నేను మితిమీరి కొట్టిన గ్రీజు సీలు దాటి బ్రేక్ షూల మీదికి కారింది. ఇంకోదాంట్లో షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగిపోయింది. కొన్నప్పటి నుంచి ఒక్కసారీ సర్దించలేదు మరి.

ఈ ట్రైలర్ డ్రమ్ములు కరెంటుతో పనిచేస్తాయి. ట్రక్కులోని కంట్రోలర్ కరెంటు పంపగానే లోపలి అయస్కాంతం తిరిగే డ్రమ్ముని అంటుకుని ఒక లివర్ని లాగుతుంది, అది షూలని విప్పి డ్రమ్ముకి అదుముతుంది. సీదా సాదా యంత్రం, చౌక. ఐబ్ ఏంటంటే, వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది. సరిగ్గా పట్టు కావలసిన వేళకే పట్టు తగ్గుతుంది. డిస్క్ దీనికి ఉల్టా. వేడికి పళ్లెం మందమై ప్యాడ్ల వైపే వస్తుంది, గాలి తగిలి త్వరగా చల్లారుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ తమంతట తామే సర్దుకుంటాయి. ఈ మూడు గుణాలూ కొండ దిగేటప్పుడు సోనేకి సమానం.

ఇప్పుడు హిసాబ్ చూద్దాం. డిస్క్ కరెంటుతో నేరుగా నడవదు. ట్రక్కు పంపే సిగ్నల్‌ని నూనె ఒత్తిడిగా మార్చే హైడ్రాలిక్ యాక్చుయేటర్ కావాలి, 1,600 పీఎస్‌ఐ దాకా ఒత్తిడి ఇచ్చేది. దానికి కుదిరే కంట్రోలర్ ట్రక్కులో ఉండాలి. ఆపైన పైపులు, కాలిపర్లు, మజ్దూరీ. మొత్తం కొన్ని వేల డాలర్లు. డ్రమ్ము లోపలి సామాను నాలుగు చక్రాలకీ కొత్తది వేసినా కొన్ని వందల్లో అయిపోతుంది. డిస్క్ వేశాక ఫికర్ పోతుందా అంటే, పోదు. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాలి, పైపు కారుతోందేమో చూడాలి, నెలల తరబడి నిలబెట్టిన బండిలో కాలిపర్లు పట్టేశాయేమో చూడాలి.

అందుకే నా మష్వరా ఇది. ముందు బండిని తూకం వేయించండి. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది. బ్రోషర్‌లో రాసిన బరువు ఖాళీ బండిది. మనవాళ్లు నలభై గ్యాలన్ల ట్యాంకు నింపితేనే 330 పౌండ్లు పైన పడతాయి, ఆపైన బియ్యం బస్తా, దేగ్చాలు, దుప్పట్లు. బరువు ఆరు వేల లోపు, సఫర్ అంతా టెక్సాస్ చదును దారుల్లోనే అయితే డ్రమ్ము కాఫీ. కానీ మొదటి 200 మైళ్లకి ఒకసారి, తర్వాత ప్రతి 3,000 మైళ్లకీ సర్దించాలి. ఏడాదికోసారి చక్రాలు విప్పి బేరింగులు, అయస్కాంతాలు చూడాలి. బరువు ఎనిమిది వేలు దాటి, ప్రతి ఎండాకాలం కొలరాడో కొండలెక్కేవాళ్లైతే డిస్క్ వేయించుకోండి. అది ఫుజూల్ ఖర్చు కాదు. ట్రైలర్‌లో పెద్ద టీవీకీ సోఫాకీ దిల్ ఖోల్ కే ఖర్చు పెట్టి, బ్రేకు దగ్గర మాత్రం కంజూసీ చేసేవాళ్లని చూశాను. అదెక్కడి ఇన్సాఫ్?

నాది ఆరు వేల దగ్గరే, కొండలకి వెళ్లేది రెండు మూడేళ్లకోసారి. కాబట్టి డ్రమ్ములే ఉంచుకున్నా. మెకానిక్ సర్దుతుంటే పక్కన కూర్చుని పని నేర్చుకున్నా. ఇప్పుడు జాకీ ఎత్తి నేనే సర్దుతా, మా పెద్దోడు టార్చి పట్టుకుంటాడు.

ఆ రోజు రోడ్డు పక్కన చక్రాలు చల్లారేదాకా గంట సేపు కూర్చున్నాం. బేగం ఒక్క మాట అనలేదు, పిల్లల్ని దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆ ఖామోషీ నాకింకా గుర్తుంది. మా అబ్బా ముప్పై ఏళ్లు ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమల ఘాట్‌లో లారీ తోలిన మనిషి. ఆ లారీలన్నీ డ్రమ్ బ్రేకులవే. నన్ను తిట్టలేదు, మెల్లగా అన్నాడు: "బేటా, ఏ గేర్‌లో ఎక్కుతామో ఆ గేర్‌లోనే దిగాలి. బ్రేకు ఆపడానికి, దాన్ని పట్టుకుని వేలాడ్డానికి కాదు."

ట్రక్కుని కింది గేర్‌లో వేసి మిగతా సగం దిగాం. ఇంజనే చాలావరకు పట్టుకుంది, బ్రేకు అప్పుడప్పుడు తొక్కితే సరిపోయింది. డిస్క్ వేయించుకున్న మన భాయ్‌కి కూడా ఆ మాట చెప్పాను. పళ్లెం ఎంత మంచిదైనా కొండ కొండే.

సఫర్‌కి ముందు ఒక పూట బ్రేకులకివ్వండి. వెనక కూర్చున్నవాళ్లు మన భరోసా మీదే నిద్రపోతారు. ఖుదా హాఫిజ్.