తాళి కట్టిన చెయ్యి ఎవరిది?

పాత దూరదర్శన్ సీరియల్ 'విక్రమ్ ఔర్ బేతాళ్' ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతోంది కాబట్టి చాలామంది మళ్ళీ చూస్తున్నారు. 1985 నాటిది, రామానంద్ సాగర్ తీసింది. రెండేళ్ళ తర్వాత రామాయణంలో రాముడైన అరుణ్ గోవిల్ ఇందులో విక్రమార్కుడు. బేతాళుడు సజ్జన్ అనే పెద్ద నటుడు, ఆ తెల్ల జుట్టూ ఆ నవ్వూ ఒకసారి చూస్తే మర్చిపోలేం. మన వైపు అప్పట్లో టీవీ ఉన్న ఇళ్ళు తక్కువ, పైగా అది హిందీ. మనకి బేతాళుడంటే చందమామే. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే రాజు, శంకర్ గారి బొమ్మ.

దయ్యం ఎగిరే ట్రిక్కులు చూసి ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, దాని గురించి వాదించను. నేను చెప్పాలనుకున్నది తలలు మారిన కథ గురించి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. కొత్తగా పెళ్ళయిన జంట, వాళ్ళతో ఇంకొకడు. దారిలో అమ్మవారి గుడి. మొగుడు లోపలికెళ్ళి తల నరుక్కుంటాడు. వెతుక్కుంటూ వెళ్ళిన రెండోవాడూ అదే పని చేస్తాడు. ఆ పిల్ల కూడా చావబోతే అమ్మవారు ఆపి, తలలు మొండేలకి అతికించు, బతుకుతారు అంటుంది. ఆ కంగారులో ఒకడి తల ఇంకొకడికి పెట్టేసింది. ఇద్దరూ లేచి కూర్చున్నారు. ఇప్పుడు ఆమె మొగుడెవరు?

విక్రమార్కుడు తడుముకోడు. అన్ని అవయవాల్లోకీ శిరస్సు ప్రధానం కాబట్టి మొగుడి తల ఉన్నవాడే మొగుడు అంటాడు. మౌనం పోయింది, శవం మళ్ళీ చెట్టెక్కింది.

మా ఇంట్లో మాత్రం వ్యవహారం అంత తేలిగ్గా తెగలేదండీ. "తాళి కట్టింది చెయ్యి కదరా, తలకాయ కాదుగా" అంది మా అమ్మ. రాజుగారి దగ్గర దీనికి జవాబు లేదు. పక్క చేను కౌలుకి చేసే ఆయన కూడా కూర్చుని చూశాడు. "తల ఎవరిదో వాడిదే అంతా అంటారు, మోసేది ఒళ్ళయినా సరే. మాకు తెలియనిదా" అన్నాడు. ఆయన దేని గురించి అన్నాడో పాస్‌బుక్ లేకుండా సేద్యం చేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నా వరకు నాకు ఇది మామిడి అంటు లెక్క. నాటు టెంక మొలిచిన మొక్క మీద బంగినపల్లి కొమ్మ అంటు కడితే కాసేది బంగినపల్లే. ఆ లెక్కన రాజు రైటు, పైనున్నదే జాతి. కానీ నీళ్ళు తాగేదీ గాలికి నిలబెట్టేదీ కింది నాటు వేరు. అది ఊరుకోదు కూడా. అంటు కింది నుంచి చిగురు తోస్తూనే ఉంటుంది, తుంచుతూ ఉండాలి. రెండేళ్ళు పట్టించుకోకండి, నాటు కొమ్మే చెట్టయి కూర్చుంటుంది. ఒంటికి జ్ఞాపకం ఉండదని అడవిలో నడుస్తూ తేల్చేసిన రాజు ఎప్పుడూ తోట పెంచలేదనుకుంటా!

ఇంకోటి చూడండి. పదకొండో శతాబ్దంలో కశ్మీరులో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఆ రెండోవాడు స్నేహితుడు కాదు, ఆ పిల్ల సొంత అన్న. అప్పుడు రాజు చెప్పిన తీర్పు తప్ప గతి లేదు, రెండోది నోటితో అనలేం. తర్వాతి రూపాల్లో అన్న పోయి స్నేహితుడు వచ్చాడు. తీర్పు మాత్రం పాతదే ఉండిపోయింది. చిక్కంతా అక్కడుంది. ఈ చిక్కు పట్టుకునే జర్మన్ రచయిత థామస్ మన్ 1940లో ఒక చిన్న నవల రాశాడు, గిరీశ్ కర్నాడ్ కన్నడంలో 'హయవదన' నాటకం రాశాడు. కర్నాడ్ నాటకంలో అయితే కొన్నాళ్ళకి ఒళ్ళు తల చెప్పినట్టే మారిపోతుంది, కండలు కరిగి పుస్తకాలు చదివేవాడి ఒళ్ళయిపోతుంది. పని మానేసిన ఒళ్ళు అంతేగా మరి.

మా అమ్మాయి చివరిదాకా ఏం మాట్లాడలేదు. అందరం అరిచి అలిసిపోయాక, "ఇంతకీ ఆవిడని ఎవరూ అడగరా?" అంది.

నిజమే. తలలు పెట్టింది ఆమె. కాపురం చెయ్యాల్సింది ఆమె. అడిగింది దయ్యం, చెప్పింది రాజు, వాదించింది మేము. ఇరవై అయిదు కథల్లో కొన్నింట్లో ఇదే తంతు, ఈ పిల్ల ఎవరికి చెందాలి అనే ప్రశ్న. ముగ్గురు పెళ్ళికొడుకుల కథలోనూ అంతే, చితాభస్మం దగ్గర పడుకున్నవాడికి ఇచ్చేశారు. బతికొచ్చిన పిల్ల నోరు విప్పినట్టు లేదు.

సీరియల్ బాగాలేదని కాదు నేననేది. నలభై ఏళ్ళనాటి అరగంట కథ నలుగురిని ఇంతసేపు కూర్చోబెట్టి వాదించుకునేలా చేసిందంటే దాంట్లో సరుకుంది. మీరూ ఒకసారి ఇంట్లో పెట్టండి. రాజు నోరు తెరిచే ముందు ఆపేసి, ముందు ఆడవాళ్ళని చెప్పమనండి. వాళ్ళు ఏమన్నారో నాకూ చెప్పండి.