పసిబిడ్డల గుడ్డలు, మన గంజి

చేనేత గుడ్డ స్వచ్ఛమైనది గనుక మగ్గము నుండి దించినది దించినట్లే పసిబిడ్డకు చుట్టవచ్చునని మన అమ్మకపు దుకాణములలో చెప్పుచున్నారు. ఈ మాట మానుకొనవలెనని మా అభిప్రాయము.

క్రిందటి సంవత్సరము ఒక పెద్దమ్మగారు మనుమరాలి కొరకు మా సంఘములో ఎర్ర అంచు తువ్వాళ్లు రెండు కొనిపోయిరి. వారము తిరుగక మునుపే వచ్చి, బిడ్డ మెడ మడతలలో ఒరిసి ఎర్రనైనదని చెప్పి, "ఏమి నాయనా, మీ ఇండ్లలో బిడ్డలకు గూడ ఇట్లే చుట్టుదురా?" అని అడిగిరి. మేము జవాబు చెప్పలేకపోతిమి. ఏలననగా, మన ఇండ్లలో అట్లు చుట్టము. పురుడు వెళ్లువరకు అమ్మమ్మ పాత నూలుచీర చింపి వాడుదుము. దీనిని చాదస్తమనువారు కలరు. ఏండ్ల తరబడి ఉదికిన ఆ చీరలో గంజి మిగిలియుండదు, ఊడు రంగు ఉండదు. అంతకన్న మెత్తనిది మనము నేయలేము.

కొత్తగుడ్డలో ఏమున్నదో మనకన్న ఎవరికి తెలియును? పడుగును వీధిలో చాచి, గంజి పట్టించి, కాస్త నూనె చేర్చి, కుంచెతో దువ్వనిదే పోగు అచ్చులో నిలువదు. ఆ గంజి చెమటకు తడిసి ఒంటికి అంటును, ఎండినచోట గీరును. పైగా వీధి దుమ్ము. మూలన పసుపు పెట్టినంత మాత్రమున ఇవి పోవు. రంగు సంగతి ఇంకొకటి. నాఫ్తాల్ ఎరుపు వేసిన నూలును సబ్బునీట బాగుగా మరిగించి తీయకున్న యెడల, పైపైని రంగు రాపిడికి రాలును. బిడ్డలు గుడ్డ కొసను నోట పెట్టుకొందురు గదా! హానికరములని కేంద్రప్రభుత్వము 1997 నాటికి 112 రంగులను నిషేధించినది. అవి వాడకున్నను ఊడు రంగు బిడ్డ నోటికి తగదు.

ఉదికిన గుడ్డ బిగువు పోయి పాతదానివలె కనబడునని, అమ్మకము తగ్గునని కొందరు డైరెక్టర్ల వాదన. ఇది కొట్టివేయదగిన మాట కాదు. నిగనిగ చూచి బేరమాడువారే ఎక్కువ. కాని ఉదకక కుట్టిన చొక్కా మొదటి తడుపుకే కుంచించుకొని బిడ్డ చేయి దూరనప్పుడు ఆ తల్లి మరల మన గడప త్రొక్కునా?

కావున బిడ్డల రకములకు మాత్రము గుడ్డను ముందుగా ఉదికి, పిమ్మట కత్తిరించవలెను. అంతవరకు ప్రతి కట్టకు ఒక చీటీ ఉంచుదము: "రాత్రి చల్లనీట నానవేసి, ఉదయము గోరువెచ్చని నీట తేలిక సబ్బుతో రెండుమారులు ఉదికి, ఎండలో ఆరవేసి తొడుగుడు. రంగుగుడ్డ వేరుగా ఉదుకుడు. మూడవ నీటను గూడ రంగు దిగిన యెడల బిడ్డకు వాడవద్దు. మరల గంజి పెట్టవద్దు." మనము నాలుగు రాష్ట్రములలో చెదరియున్నాము గనుక, చీటీ తెలుగుతోబాటు అరవము, కన్నడము, మరాఠీ, ఒడియాలలో గూడ అచ్చు వేయించవలెను.

ఇక ఉదుకుడు కూలి. దీనిని నేతగాని మజూరీలో కోయుటకు మేము ఒప్పుకొనము. సంఘపు ఖర్చు పద్దులోనే వ్రాయవలెను.