నల్లరాయి అంతా బసాల్టు కాదు

రాతిపొడిని పొలానికి ఎరువుగా వేయవచ్చన్న ప్రచారం ఇటీవల పెరుగుతున్నది. అందులో తరచుగా వినిపించే పేరు బసాల్టు. అయితే రాయిని గుర్తించకుండా, నేలను పరీక్షించకుండా చేసే ఏ సిఫారసూ శాస్త్రీయం కాజాలదు.

భూమి ఉపరితలంపై లావా త్వరగా చల్లారగా ఏర్పడిన అగ్నిశిల బసాల్టు. అందువల్ల దాని స్ఫటికాలు విడివిడిగా కంటికి కనిపించనంత సన్నగా ఉంటాయి. ముదురు బూడిద లేదా నలుపు రంగు, చేతికి తెలిసే బరువు దాని లక్షణాలు. కొన్ని పొరలలో వాయుబుడగలు వదిలిన గుంతలు, వాటిలో తెల్లని జియోలైటు లేదా కాల్సైటు కనిపిస్తాయి. శిథిలమయ్యేటప్పుడు ఉల్లిపొరల వలె ఊడుతుంది. గ్రానైటు ప్రాంతాలలో గోడల వలె చొచ్చుకొని వచ్చిన డోలరైటు కూడా నల్లనిదే. కాని దాని రేణువులు మరికొంత ముతక. పొడిగా మారిన తరువాత ఈ భేదాలేవీ కంటికి అందవు. కనుక క్రషర్ వద్ద దొరికే పొడిని రంగు చూసి బసాల్టు అనుకోవడం పొరపాటు.

ఆదిలాబాద్, నిర్మల్, వికారాబాద్ ప్రాంతాలలోని బసాల్టు సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి దక్కను లావా ప్రవాహాలకు చెందినది. రాజమహేంద్రవరం సమీపాన పంగిడి, గౌరీపట్నం వద్దనూ ఈ శిల ఉన్నది. ఇది శిథిలమైన చోట్ల నల్లరేగడి ఏర్పడింది. బసాల్టులో ఇనుము సమృద్ధిగా ఉన్నప్పటికీ, సున్నం అధికంగా గల నల్లరేగడులలో పైర్లు ఇనుపధాతు లోపంతో పాలిపోవడం రైతులకు తెలిసినదే. ఉదజని సూచిక 8 దాటిన నేలలో ఇనుము వేళ్లకు అందే రూపంలో ఉండదు. అటువంటి నేలపై మరల అదే రాతిపొడి చల్లడం వల్ల ప్రయోజనం స్వల్పం.

బసాల్టులో నత్రజని దాదాపు శూన్యం. పొటాషియం ఆక్సైడు సాధారణంగా 1 శాతం లోపే. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో అది 60 శాతం. పైగా రాతిలోని పోషకాలు ఖనిజాల నుండి నెమ్మదిగా విడుదలవుతాయి. కాల్షియం, మెగ్నీషియం కొట్టుకొనిపోయిన ఆమ్ల నేలలలో మాత్రం ఈ పొడిని పరీక్షించి చూడదగును. శిథిలమయ్యే క్రమంలో బసాల్టు బొగ్గుపులుసు వాయువును బంధిస్తుందన్నది నిజమే. కాని అది వాతావరణానికి కలిగే మేలు, దిగుబడికి హామీ కాదు.

కావున రాతిపొడి విక్రయించేవారు శిల పేరు, క్వారీ, పొడి మెత్తదనం, నికెల్, క్రోమియంతో సహా రసాయనిక విశ్లేషణను సంచిపైనే తెలపాలి. రైతు తన భూసార పరీక్షా ఫలితంతో వాటిని పోల్చిచూసిన తరువాతనే ఖర్చుకు సిద్ధపడాలి.