ఏ గడిలో రాస్తారు ఈమెని?

మన సమావేశాల్లో ఒక ప్రశ్న ఇప్పటికీ లేస్తూనే ఉంది. ఎక్కడైనా దళిత స్త్రీ మీద దాడి జరిగిందని తెలియగానే, నిజనిర్ధారణకి ఎవరు వెళ్లాలి, కరపత్రం ఎవరి పేరు మీద వెయ్యాలి అని చర్చ మొదలవుతుంది. వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంతకీ ఇది స్త్రీ సమస్యా, కుల సమస్యా?" మహిళా సంఘం కుల సంఘం వైపు చూస్తుంది. కుల సంఘం మహిళా సంఘం వైపు చూస్తుంది. ఈలోగా పోలీస్ స్టేషన్లో రాజీ కుదిర్చే పెద్దమనుషులు తమ పని తాము చేసుకుపోతారు. ఈ ప్రశ్న అమాయకమైనది కాదనీ, దీనివల్ల లాభపడేది ఎప్పుడూ దాడి చేసినవాడేననీ నా వాదన.

మా కేంద్రానికి వచ్చిన ఒకామె సంగతి చెబుతాను. కాంట్రాక్టు కింద రోడ్లు ఊడుస్తుంది. మాదిగ స్త్రీ. భర్త చనిపోయాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంది. హాజరు వేసే మేస్త్రీ రమ్మన్న చోటికి వెళ్లలేదని, ఆమెకి కూరగాయల మార్కెట్ రోడ్డు వేశాడు. అందరికన్నా పొడుగైన రోడ్డు, అందరికన్నా ఎక్కువ చెత్త. పని ఆలస్యమైతే కులం పేరు పెట్టి తిట్టాడు. కాలు పేరు పెట్టి తిట్టాడు. నెలాఖరుకి ఆరు రోజుల కూలి కోశాడు. ఆమె తిరిగిన ఆఫీసుల్లో ఒకరు ఇది కూలి తగాదా అన్నారు. ఒకరు లైంగిక వేధింపు అన్నారు, సాక్షులెవరన్నారు. ఇంకొకరు వికలాంగుల సర్టిఫికెట్లో 40 శాతం లేదు కాబట్టి తామేమీ చెయ్యలేమన్నారు. ఎవరి మటుకు వాళ్లు ఆమెలో తమకి కావలసిన ముక్క చూసుకుని, మిగతా మనిషిని బయటికి పంపారు.

ఇందులో ఏది కులం, ఏది ఆడతనం, ఏది కాలు? విడదీసి చూపమంటే ఎవరి తరం? ఆ చీపురు ఆమె చేతికి వచ్చిందే కులం దారిలో. వేరే పనికి పోదామంటే కాలు అడ్డం. ఇంట్లో మగదిక్కు లేదన్న ధైర్యం మేస్త్రీది, ఎక్కడికీ పోలేదులే అన్న ధీమా కూడా వాడిదే. వీటిని మూడు బరువులుగా లెక్కగట్టి ఒకదాని మీద ఒకటి పేర్చడం మన భాషణల్లో అలవాటైంది. 'మూడు రకాల అణచివేత' అంటాం. అవి బరువులు కావు, ముప్పేట తాడు. వాడు లాగినప్పుడు మూడు పేటలూ కలిసే బిగుసుకుంటాయి.

కోర్టుకెక్కితే ఈ తాడు ఏమవుతుందో మన ఆంధ్రప్రదేశ్ కేసే ఒకటి చెబుతుంది. 2011 మార్చిలో పుట్టుకతో చూపు లేని ఒక దళిత యువతి మీద అత్యాచారం జరిగింది. చేసినవాడు ఆమె అన్నదమ్ముల స్నేహితుడు, ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్నవాడు. ఆమె వాణ్ణి గొంతుని బట్టి గుర్తుపట్టింది. కింది కోర్టు అత్యాచారం కింద, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రెంటిలోనూ జీవితఖైదు వేసింది. హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2021 ఏప్రిల్ 27న వచ్చిన తీర్పు ప్రతి కార్యకర్తా చదవాల్సిందే. కులం, లింగం, వైకల్యం ఒకరి జీవితంలో ఎలా అల్లుకుపోతాయో అందులో పేజీల కొద్దీ ఉంది. కూడలిలో నిలబడ్డ మనిషికి అన్ని వైపుల నుంచీ ప్రమాదమే అన్న పోలికతో 1989లో ఈ ఆలోచనకి పేరు పెట్టిన నల్లజాతి న్యాయ అధ్యాపకురాలు కింబర్లే క్రెన్‌షా ప్రస్తావన ఉంది. చూపు లేనంత మాత్రాన సాక్ష్యం బలహీనం కాదని గట్టిగా చెప్పింది కోర్టు. అత్యాచారానికి వేసిన జీవితఖైదు నిలబెట్టింది.

ఎస్సీ ఎస్టీ చట్టం కింద పడిన శిక్ష మాత్రం కొట్టేసింది! ఎందుకంటే 2011 నాటికి ఆ చట్టంలో 3(2)(v) సెక్షన్, బాధితురాలు ఫలానా కులానికి చెందినదన్న 'కారణం చేత' నేరం జరగాలంది. కులమే కారణమని చూపే సాక్ష్యం లేదన్నారు. ఏం సాక్ష్యం ఉంటుంది? "నువ్వు మాలదానివి కాబట్టి వస్తున్నా" అని ఎవడైనా ముందుగా చెప్పి వస్తాడా? అన్నీ కలిసే ఉంటాయని అంత వివరంగా చెప్పిన తీర్పే, చివరికి కులాన్ని విడిగా తీసి చూపించమంది. న్యాయమూర్తుల మనసు మంచిదే కావచ్చు. చట్టంలో రాసిన మాట వాళ్ల చేతులు కట్టేసింది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఆ మాట మారింది. బాధితురాలి కులం తెలిసి చేస్తే చాలు. కుటుంబంతో పరిచయం ఉన్నవాడికి కులం తెలుసనే కోర్టు భావించాలి, తెలియదని రుజువు చేసుకోవలసింది వాడే. 2011లో ఈ మాటలే ఉండి ఉంటే, ఆ ఇంటికి వచ్చిపోయేవాడు ఏమని తప్పించుకునేవాడు?

చట్టం ఆ మాత్రం కదిలింది. మన రిజిస్టర్లు కదల్లేదు. కౌన్సెలింగ్ కేంద్రాల్లో 'సమస్య రకం' అని ఒక గడి ఉంటుంది. గృహహింస, వరకట్నం, కులవివక్ష, ఆస్తి. ఒక్కదానికే టిక్కు. నిధులిచ్చేవాళ్ల నివేదికకీ ఒక్క అంకెే కావాలి. మనం పంపే ఆ అంకెల్లో కాలు ఈడ్చే సఫాయి కార్మికురాలు ఎక్కడ కనబడుతుంది? లింగ ఆధారిత హింస లెక్కల్ని విడివిడిగా, వైకల్యాన్ని కూడా ఒక అంశంగా తీసుకుని నమోదు చెయ్యడం ఆలోచించమని అదే తీర్పు జాతీయ నేర గణాంకాల సంస్థకి సూచించింది. ఆ పని మన చేతిలో ఉన్న పుస్తకంలో మొదలుపెట్టడానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు.

కోస్తా జిల్లాల్లో పనిచేసేవాళ్లకి ఇంకో చిక్కు బాగా తెలుసు. ఆదివారం చర్చికి వెళ్లే మాల, మాదిగ స్త్రీని ఊరు ఏ కులం పేరుతో పిలుస్తుందో అందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవురాలైతే ఎస్సీ కాదు. మతం మారినా ఊళ్లో ఆమె వాడ మారలేదు, బావి దగ్గర మర్యాద మారలేదు, రక్షణ ఒక్కటే పోయింది. దీని గురించి స్త్రీల సంఘాలు గట్టిగా మాట్లాడటం నేను చాలా తక్కువ విన్నాను. అది 'మత సమస్య' కదా మరి!

ఇలా అన్నీ కలిపేస్తే ఉద్యమం చీలిపోతుందని కొందరు మిత్రులు భయపడతారు. ఈ భయం నాకు కొత్తగా వినబడటం లేదు. దళిత స్త్రీలు స్త్రీవాదుల్ని ప్రశ్నించినప్పుడూ ఇదే అన్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' 2003లో వచ్చింది. అందులో దళిత స్త్రీల రచనలు 1921 నుంచీ ఉన్నాయి. అంటే చీల్చడానికి కొత్తగా వచ్చినవాళ్లెవరూ లేరు, ఎప్పట్నుంచో ఉన్నవాళ్లని చూడనిది మిగతావాళ్లు. ఒకే సమస్య అనుకున్నప్పుడు ఆ 'ఒకటి' ఎప్పుడూ చదువుకున్న, పై కులపు, ఆరోగ్యవంతురాలైన స్త్రీ సమస్యగానే ఎందుకు తేలుతుంది?

ఫిర్యాదు రాసేటప్పుడే ఇదంతా తేలాలి. పోలీసులు తర్వాత చేరుస్తామంటారు, చేర్చరు. తిట్టిన మాట తిట్టినట్టు, కులం పేరుతో సహా, కాలు గురించి అన్న మాటతో సహా, కోసిన కూలి రోజులతో సహా మొదటి కాగితంలోనే ఉండాలి. నిందితుడికి ఆ కుటుంబం ఎంతకాలంగా తెలుసో రాయించాలి, సవరణ తర్వాత కేసుకి బలం అదే. ఎస్సీ ఎస్టీ చట్టం పెడితే దర్యాప్తు చేసేది డీఎస్పీకి తగ్గని అధికారి కావాలి, అందుకే స్టేషన్లో ఆ చట్టం పెట్టడానికి అంత వెనకాడతారు. అసంఘటిత రంగంలో పనిచేసే స్త్రీ లైంగిక వేధింపు ఫిర్యాదు 2013 చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వచ్చు. అది ఇచ్చినంత మాత్రాన కులం కేసు వదులుకున్నట్టు కాదు, రెండూ నడపచ్చు. ఆ కమిటీ మీ జిల్లాలో ఉందా, ఉంటే అందులో ఎవరున్నారు, వాళ్లలో దళిత స్త్రీ ఉందా, ఆ ఆఫీసు మెట్లు కాలు ఈడ్చే మనిషి ఎక్కగలదా అని కలెక్టర్ గారికి ఒక ఉత్తరం రాసి అడగండి. మేం రాశాం. జవాబు కోసం చూస్తున్నాం.