గంటల మీటరు చెప్పనిది: పాత డోజర్ల పునర్నిర్మాణంపై సింగరేణి యాజమాన్యానికి బహిరంగ లేఖ

సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్
చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి, డైరెక్టర్ల బోర్డుకు,
సింగరేణి భవన్, రెడ్ హిల్స్, హైదరాబాద్

ఉపరితల గనిలో బొగ్గు పొరపైన ఉండే మట్టినీ రాతినీ గని భాషలో ఓబీ అంటారు. డంపర్లు తెచ్చి పోసిన ఆ ఓబీని అంచుకు నెట్టి చదును చేసేదీ, షావెల్ నిలబడే నేలను సరిచేసేదీ, వానాకాలంలో డంపర్లు తిరిగే హాల్ రోడ్డును బురద నుంచి కాపాడేదీ డోజరే కాబట్టి, ఒక్క డోజరు ఆగిపోతే దాని వెనుక డంపర్ల వరుస మొత్తం నిలిచిపోతుంది. ఇటువంటి యంత్రం పాతబడినప్పుడు దాన్ని డీలరు చేత పునర్నిర్మింపజేయడమా, సొంత వర్క్‌షాపులో చిల్లర మరమ్మతులతో నెట్టుకురావడమా, పక్కనపెట్టి కొత్తది కొనడమా అన్నది కేవలం ఇంజనీర్ల ప్రశ్న కాదు. 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది అయిన సంస్థలో ఆ నిర్ణయం ప్రజల డబ్బుకు సంబంధించినది, అంతకంటే ముందు ఆ యంత్రం మీద కూర్చునే ఆపరేటరు ప్రాణానికి సంబంధించినది. ఆ నిర్ణయం గంటల మీటరును చూసి కాక యంత్రం లోపలి ఇనుమును చూసి జరగాలనీ, అది కూడా యంత్రం చెడిపోకముందే జరగాలనీ ఈ లేఖ కోరుతోంది.

మరమ్మతుకూ పునర్నిర్మాణానికీ ఉన్న తేడాను మొదట స్పష్టం చేసుకోవడం అవసరం. చెడిన భాగాన్ని మార్చి యంత్రాన్ని తిరిగి పనిలోకి పంపడం మరమ్మతు. ఒక్క ఇంజనునో ట్రాన్స్‌మిషన్‌నో పూర్తిగా విప్పి కట్టడం ఓవర్‌హాలింగ్. యంత్రాన్ని చట్రం వరకు విప్పి, ఇంజను, టార్క్ కన్వర్టర్, ట్రాన్స్‌మిషన్, ఫైనల్ డ్రైవులు, హైడ్రాలిక్ వ్యవస్థ, వైరింగ్ అన్నింటినీ కొలిచి, అరిగినవాటిని మార్చి, మళ్లీ కొత్త యంత్రంలా నిలబెట్టడం పునర్నిర్మాణం. క్యాటర్‌పిల్లర్ సంస్థ 1985లో తన డీలర్ల ద్వారా ఈ పనిని ఒక నియమిత పద్ధతిగా మొదలుపెట్టింది. దానిలో దాదాపు 350 పరీక్షలు, తనిఖీలు ఉంటాయి, సుమారు 7,000 భాగాలు వాటి స్థితి ఎలా ఉన్నా మారతాయి, పని పూర్తయిన యంత్రానికి కొత్త వరుస సంఖ్య, కొత్త యంత్రంతో సమానమైన వారంటీ లభిస్తాయి. 1964లో ఏర్పడి కోలార్ బంగారు గనుల ప్రాంతంలో డోజర్లను తయారుచేస్తున్న బీఈఎంఎల్ వంటి సంస్థ విషయంలో తయారీదారే ఎదుటి పక్షం అవుతాడు గనుక డీలరు పాత్ర మారవచ్చునేమో గాని, అడగవలసిన ప్రశ్నలు మారవు.

పాతదాన్ని నిలబెట్టడమా, వదులుకోవడమా అన్న తర్కం రెడ్ హిల్స్‌కు కొద్ది దూరంలోనే ఉన్న అఫ్జల్‌గంజ్‌కు బాగా తెలుసు. విమానాల షెడ్డుగా వచ్చి, నిజాం కాలంలోనే బస్సుల డిపోగా మారిన గౌలిగూడ ఉక్కు షెడ్డు 2018 జూలైలో కూలింది. ప్రమాదకరమని గుర్తించి ముందే ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. మూసీ ఒడ్డున శతాబ్దకాలంగా నిలబడిన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని బాగుచేయాలా, కూల్చి కట్టాలా అన్న వాదం ఏళ్లతరబడి సాగుతుండగానే 2020 జూలై వానలకు వార్డుల్లోకి నీళ్లు వచ్చి, రోగులను తరలించవలసి వచ్చింది. చివరికి 2025లో గోషామహల్‌లో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. ఈ రెండు చోట్లా నష్టం వయసు వల్ల మాత్రమే రాలేదు, తీర్పు చెప్పవలసిన సమయం గడిచిపోవడం వల్ల కూడా వచ్చింది. యంత్రానికి ఈ సూత్రం మరింత కఠినంగా వర్తిస్తుంది. క్రాంక్‌షాఫ్ట్ ఇంకా కొలతల్లో ఉన్నప్పుడు పాలిష్ చేసి తిరిగి వాడుకోవచ్చు గాని, బేరింగు పట్టేసి కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజను బ్లాకును చీల్చిన తర్వాత వాడుకోవడానికి ఏమీ మిగలదు. చెడిపోయేవరకు నడిపించి తర్వాత పునర్నిర్మాణం గురించి ఆలోచించే సంస్థ, సగం ధరకు దొరకవలసిన మేలును పూర్తి ధరకు కొనుక్కుంటుంది.

ప్రభుత్వరంగ గనుల్లో యంత్రానికి నిర్ణయించిన సంవత్సరాలో, పని గంటలో దాటాక దాన్ని లెక్కల నుంచి తొలగించడాన్ని సర్వే ఆఫ్ అంటారు. ఆ కొలమానం ఖాతాలకు అవసరమే గాని, యంత్రం ఆరోగ్యాన్ని అది చెప్పదు. మెత్తని ఓబీ డంపుపై 15,000 గంటలు నడిచిన డోజరు, వెనుక ఉండే ఉక్కు కొమ్ముతో, అంటే రిప్పరుతో, ఇసుకరాతిని చీల్చుతూ 9,000 గంటలు నడిచిన డోజరు కంటే మంచి స్థితిలో ఉండవచ్చు. అసలు సంగతి తెలియాలంటే మార్చిన ఆయిల్ ఫిల్టరును ఫిల్టరు కట్టరుతో కోసి, మడతలుగా ఉన్న కాగితాన్ని ట్రేలో పరిచి ఎండలో చూడాలి. మడతల మధ్య మినుకుమనే రేకులు అయస్కాంతానికి అంటుకుంటే గేరో లైనరో అరుగుతున్నట్టు, పసుపు రంగులో మెరుస్తూ అంటుకోకపోతే బేరింగు పొర లేస్తున్నట్టు. ఇంజను ఆయిల్ నమూనాను 250 గంటలకొకసారి ప్రయోగశాలకు పంపితే ఈ కథే అంకెల్లో వస్తుంది: సిలికాన్ పెరిగితే ఎక్కడో గాలి వడపోత లీకై ధూళి లోపలికి పోతోంది, సోడియం పెరిగితే కూలెంట్ నీరు ఆయిల్‌లో కలుస్తోంది, రాగి, సీసం పెరిగితే బేరింగులు అరుగుతున్నాయి. ఒక్క నమూనా పెద్దగా ఏమీ చెప్పదు. రెండేళ్ల నమూనాల వరుస యంత్రం ఆత్మకథ అంత చెబుతుంది.

డోజరు నిర్వహణ ఖర్చులో సగం దాకా అండర్‌క్యారేజీకే, అంటే గొలుసు, రోలర్లు, ఐడ్లర్లు, స్ప్రాకెట్లు కలిసిన నడక భాగానికే పోతుంది కాబట్టి పునర్నిర్మాణపు లెక్క అక్కడి నుంచే మొదలవ్వాలి. గొలుసులోని బుష్‌లు స్ప్రాకెట్ పళ్లను తాకే వైపే అరుగుతాయి గనుక, సగం అరిగినప్పుడు వాటిని 180 డిగ్రీలు తిప్పి అమర్చితే అదే గొలుసు మరో జీవితం ఇస్తుంది. ఆ సమయం దాటితే గొలుసంతా తుక్కే. చివరిదైనా అతి ముఖ్యమైనది చట్రం. రిప్పరు బిగించే చోట, ట్రాక్ ఫ్రేములు కలిసే చోట రంగు తీసి, పగుళ్లలోకి చొచ్చుకుపోయే ఎర్రని ద్రవం పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లితే కంటికి కనపడని పగులు ఎర్రగీతగా బయటపడుతుంది. యంత్రం బోల్తాపడినప్పుడు ఆపరేటరును కాపాడే రక్షణ చట్రంపై, అంటే ఆర్‌ఓపీఎస్‌పై, తయారీదారు అనుమతి లేకుండా వెల్డింగ్ గాని, రంధ్రం గాని పడి ఉంటే దానికి మరమ్మతు ఉండదు, మార్చడమే దారి. చట్రం నిలిచిన యంత్రాన్ని పునర్నిర్మించవచ్చు. చట్రమే పోయిన యంత్రంపై పెట్టే ప్రతి రూపాయీ వృథా.

ఇక డబ్బు లెక్క. కొత్త డోజరు ధరను 100 పాళ్లు అనుకుని, పునర్నిర్మాణం 60 పాళ్లకు వస్తుందని డీలరు చెప్పాడనుకుంటే, మిగిలిన 40 పాళ్లూ ఆదా అని తొందరపడకూడదు. పునర్నిర్మిత యంత్రం కొత్త యంత్రపు గంటల్లో 60 శాతం కంటే ఎక్కువ నమ్మకంగా నడుస్తుందా, ఆ కాలమంతా ఆ మోడల్‌కు విడిభాగాలు తయారవుతాయా, పాత ఇంజను గంటకు ఎంత డీజిల్ తాగుతుంది, యంత్రం షెడ్డులో ఉన్న నెలల్లో దాని పని ఏ యంత్రం చేస్తుంది అన్న నాలుగు ప్రశ్నలకూ సమాధానం వచ్చాకే గంటకు అయ్యే అసలు ఖర్చు తేలుతుంది. విడిభాగాల ప్రశ్న వీటన్నింటిలో కీలకం. నగరంలోని రాణిగంజ్ దుకాణాల్లో సీళ్లు, బేరింగులు, హోస్‌లు దొరుకుతాయి గాని, తయారీ ఆగిపోయిన ట్రాన్స్‌మిషన్ గేరు దొరకదు. ఆ హామీని డీలరు వద్ద రాతపూర్వకంగా తీసుకోకుండా సంతకం చేయడం సంస్థకు క్షేమం కాదు.

డీలరు చేత చేయించడంలో మేలు నిజమైనదే. ఏ భాగం ఎంతవరకు అరిగినా తిరిగి వాడవచ్చునో చెప్పే తయారీదారు కొలతలు, ప్రత్యేక పనిముట్లు, పూర్తయ్యాక భారం మోపి పరీక్షించే ఏర్పాటు, వారంటీ డీలరు వద్ద ఉంటాయి. అయితే జబ్బు చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకరే కావడం ఆ ఏర్పాటులోని బలహీనత. పైగా యంత్రాన్ని విప్పకముందు లోపల ఏముందో ఎవరికీ పూర్తిగా తెలియదు గనుక, అతి తక్కువ ధర కోట్ చేసినవారికి, అంటే ఎల్-1కు, మొత్తం పని ఒకే అంకెకు అప్పగిస్తే, విప్పిన తర్వాత అదనపు భాగాల పేరుతో ఆ అంకె పెరగడమో, పని నాసిరకంగా తయారవడమో జరిగే ప్రమాదం ఉంటుంది. అందువల్ల విప్పి పరీక్షించే పనికి వేరే ఒప్పందం, పునర్నిర్మాణానికి వేరే ఒప్పందం ఉండాలి. మొదటి ఒప్పందం కింద విప్పేటప్పుడు సంస్థ సొంత కొత్తగూడెం వర్క్‌షాపు ఇంజనీరు, ఆ యంత్రాన్ని నిత్యం నడిపే ఆపరేటరు అక్కడే ఉండాలి. బయటపడే అవకాశమున్న అదనపు భాగాలకు ముందే విడి ధరలు ఖాయం చేయాలి. మొత్తం ఏ పరిమితి దాటితే పని ఆపి యంత్రాన్ని సర్వే ఆఫ్‌కు పంపుతారో ఒప్పందంలోనే రాయాలి. తీసివేసిన పాత భాగాలన్నీ సంస్థకు చూపించి, వాటి విలువను బిల్లులో తగ్గించాలి.

1871లో ఇల్లెందు ప్రాంతంలో కనుగొన్న బొగ్గులో మూలాలుండి, ఎన్నో యంత్రతరాలను చూసిన సంస్థకు ఈ విషయాలు కొత్తవి కావు. ఇంజనీర్లకు తెలిసినది బోర్డు నిర్ణయపత్రంలోకి వచ్చిందా అన్నదే ప్రశ్న. కాబట్టి ఇకపై ఏ డోజరు పునర్నిర్మాణ ప్రతిపాదన బోర్డు ముందుకు వచ్చినా, దానికి రెండేళ్ల ఆయిల్ నమూనాల ఫలితాలు, కోసిన ఫిల్టరు ఫొటో, చట్రం తనిఖీ చిత్రాలు, గంటకు అయ్యే ఖర్చు లెక్క జతచేసి ఉండాలని, వాటి కింద ఇంజనీరు సంతకం పక్కనే ఆ డోజరు ఆపరేటరు సంతకం కూడా ఉండాలని ఈ లేఖ విజ్ఞప్తి చేస్తోంది.

అఫ్జల్‌గంజ్, హైదరాబాద్